రెండు కుడి చేతులు

మహబూబ్ బాషాకి కాలు ఒకచోట నిలవదు. పక్షవాతం తగిలింది కుడి చేతికి గాని కాళ్ళకి కాదు కదా అని పొద్దున లేచింది మొదలు నడుస్తూనే ఉంటాడు. చిత్తూరు బజారు వీధి పక్క సందులో ఉన్న తన టైలరు దుకాణం నుంచి గాంధీ బొమ్మ దాకా పోతాడు, అక్కడ ఏదో మరిచిపోయినవాడిలా చుట్టూ చూసి మళ్ళీ వెనక్కి వస్తాడు. దారిలో ఎవరైనా చెయ్యి ఎట్లా ఉందని అడిగితే ఒళ్ళు మండుతుంది. అడగకపోతే ఇంకా మండుతుంది.

మండదా మరి? మొన్న మొన్నటిదాకా ఆ సందులో జాకెట్లు కుట్టే మాస్టర్లలో ఆయన పేరు చెప్పాకే ఇంకొకరి పేరు చెప్పేవాళ్ళు. కుట్టడం ఎవరైనా కుడతారు, కోసేవాడే మాస్టర్ అనేది ఆ పనిలో ఉన్నవాళ్ళ మాట. మాస్టర్ కత్తెరని ఇంకొకరు ముట్టకూడదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆయన కోసిచ్చిన ముక్కల్ని మిషన్ మీద జోడిస్తూ, కాజాలూ హుక్కులూ కుడుతూ వచ్చిన భార్య గౌసియా బీ కూడా ఆ కత్తెరతో ఒక్క దారప్పోగు తెంపి ఎరగదు. ఇప్పుడా కత్తెర బల్ల మీద అట్లాగే ఉంది, పట్టుకోవాల్సిన వేళ్ళే ముడుచుకోవడం లేదు. రాయవేలూరు ఆసుపత్రిలో డాక్టరు రబ్బరు బంతి పిసకమన్నాడు. పిసికీ పిసికీ బంతి మెత్తబడింది గాని వేళ్ళకి పట్టు రాలేదు.

ధైర్యం చెప్పేవాళ్ళకి మాత్రం కొదవ లేదు. దానికి ఖర్చేముంది, నోరుంటే చాలు. తెల్లారేసరికి ఫోన్లో సూర్యోదయం బొమ్మలు, గులాబీలు, వాటి మీద ఓటమే గెలుపుకి మొదటి మెట్టని పెద్ద పెద్ద అక్షరాలు. పంపేది ఎదురు దుకాణం మాస్టర్ ధర్మేంద్ర. ఈయన గిరాకీ అంతా ఆయనకే పోయింది కాబట్టి బొమ్మలు పంపే ఉత్సాహం కూడా ఆయనకే ఉంది.

గౌసియా ఏ ధైర్యమూ చెప్పలేదు. చీరలకి ఫాల్సు కుట్టడం, బిగుతైన జాకెట్లు వదులు చెయ్యడం లాంటి చిల్లర పనులు తెచ్చుకుని ఇల్లు నడిపింది. అదీ ఆయనకి కడుపుమంటే. ఆమె మిషన్ చప్పుడు వినపడితే చాలు, లేచి వీధిలోకి పోయేవాడు. ఎడమ చేత్తో కోయడం నేర్చుకుందామని చిరిగిన లుంగీలన్నీ కోసి చూశాడు. కుడి చేతికని చేసిన కత్తెర అది, ఎడమ చేతిలో పెడితే గుడ్డని నమిలేది.

అట్లాంటి రోజుల్లో బంగారుపాళ్యం నుంచి వరదమ్మ వచ్చింది. మామిడితోట ఉన్న ఇల్లాలు. కూతురు మోహనకి గౌన్లు తొడిగిన కాలం నుంచి ఆ పిల్ల బట్టలన్నీ బాషా చేతివే. వచ్చే వారం మోహనకి నిశ్చితార్థం. పట్టుచీరలో వచ్చిన జాకెట్టు గుడ్డ బల్ల మీద పరిచి చూపించింది. రెండు పక్కలా జరీ అంచు, మోచేతి దాకా చేతులు, ఆ అంచు చేతుల చివర రావాలి. ఈయనకి చెయ్యి ఇంకా సరి కాలేదక్కా, ఎదురు దుకాణంలో ఇవ్వండని గౌసియా మెల్లిగా చెప్పబోయింది.

"పెట్టిపో అక్కా," అన్నాడు బాషా. "నేనే కోస్తా."

"నువ్వు కోస్తేనే భాయ్. ఇంకొకరు కోసింది మా పాప వేసుకోదు," అంది వరదమ్మ.

ఆ మాటతో ఆయనకి నిద్ర పట్టకుండా పోయింది. గుడ్డ మీద సుద్దతో గీస్తాడు, తుడుస్తాడు, లేచి నడుస్తాడు. గౌసియాకి రెండు భయాలు. అట్లాంటి గుడ్డ మళ్ళీ దొరకదన్నది చిన్న భయం. ఈసారి కూడా చెయ్యి ఓడిపోతే ఈ మనిషి ఇంక ఆ దుకాణం గడప తొక్కడన్నది పెద్ద భయం.

ఒక తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే, ఆమెకి చెప్పకుండా దుకాణానికి పోయి షట్టరు సగం ఎత్తి కూర్చున్నాడు బాషా. కత్తెరని ఎడమ చేత్తోనే బిగించి పట్టి కోస్తే వెనక ముక్క, ముందు ముక్కలు ఎట్లాగో తెగాయి. చేతుల దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. చేతుల గుడ్డని ఎప్పుడూ రెండు పొరలు ఎదురెదురుగా మడిచి కోస్తారు, ఒక్క కోతకే కుడిదీ ఎడమదీ వచ్చేస్తాయి. జరీతో మందంగా ఉన్న ఆ రెండు పొరలకి కత్తెర లొంగలేదు. చెమటలు పట్టాయి. చివరికి మడత విప్పేశాడు. ఒక పొర పరిచి కోశాడు, నున్నగా వచ్చింది. దాన్నే కొలతగా రెండో పొర మీద పెట్టి కోశాడు. అదీ నున్నగానే వచ్చింది.

యా అల్లా, ఎన్నాళ్ళకి! గాంధీ బొమ్మ దాకా పోయి టీ తాగాడు. కనపడిన ప్రతివాణ్ణీ తనే పలకరించాడు. ధర్మేంద్ర పంపిన గులాబీలకి మొదటిసారి జవాబు కూడా పెట్టాడు.

ఇంటికొచ్చి ముక్కలు గౌసియా ముందు పరిచాడు. ఆమె అంచులు తడిమి చూసింది, ఆమెకీ కళ్ళు చెమర్చాయి. చేతులు రెండూ పక్కపక్కన పెట్టింది. చంక దగ్గర ముందు వైపు లోతు ఎక్కువ, వెనక వైపు తక్కువ. పక్కపక్కన పెడితే ఆ లోతులు ఒకదానికొకటి ఎదురు రావాలి. రాలేదు. ఒకదాన్ని తిరగేసింది, జరీ వెనక దారాలు పైకొచ్చాయి. మళ్ళీ తిప్పి పెట్టింది.

"అజీ," అంది. "రెండూ కుడి చేతివే."

మొదటి ముక్కని తిరగేసి పెట్టకుండా రెండోది కోయడం, కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు అది. కుడి చెయ్యి పోయిన మనిషి రెండు కుడి చేతులు కోసి పెట్టాడు. ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్ళు, గౌసియాకి నవ్వు రాలేదు. బాషా చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాడు. బస్టాండులో తిరుపతి బస్సెక్కి కూర్చున్నాడు. యాడికని కండక్టరు అడిగేసరికి ఏం చెప్పాలో తెలియక దిగిపోయాడు. కాళ్ళు ఎటో పోతున్నా బుర్ర మాత్రం ఆ గుడ్డ దగ్గరే ఉంది. రెండు చేతుల్నీ పైనుంచి అంగుళం దించితే, ఒకదానికి లోతు రెండో వైపు తవ్వుకోవచ్చు. పొట్టివవుతాయి గాని నిలబడతాయి. ఇంకొక్క తప్పు జరిగితే మాత్రం గుడ్డ లేదు.

ఇల్లు చేరి, గౌసియాని దుకాణానికి తీసుకుపోయి, కత్తెర ఆమె ముందుకి నెట్టాడు. తన వల్ల కాదని ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. మరెవరి వల్ల అవుతుంది, నా వల్లనా అని అరిచాడు. అరిచాక చూస్తూ నిలబడలేకపోయాడు. గుమ్మంలో వీధి వైపు తిరిగి, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ వంపు తిప్పాలో చెప్పాడు. ఆమె గుడ్డ జారకుండా ఇస్త్రీపెట్టె పెట్టుకుని కోసింది. కత్తెర ఎక్కడా ఆగలేదని చప్పుడు బట్టే తెలిసింది. సంతోషించాల్సింది పోయి కుళ్ళుకున్నాడు. కట్టుకున్న పెళ్ళాం చెయ్యి సాగుతుంటే కుళ్ళుకున్నాడు, దాచిపెట్టడానికేముంది.

జాకెట్టు కోసం వరదమ్మ వచ్చినప్పుడు, ఇప్పుడు పొట్టి చేతులే అందరూ వేసుకుంటున్నారని చెబుదామంది గౌసియా. బాషా వినలేదు. తప్పు కోసినాను అక్కా, సరి చేసేసరికి చేతులు అంగుళం తగ్గినాయి అని మొహం మీదే చెప్పేశాడు. వరదమ్మ కడిగిపారేసింది. చెయ్యి సరి లేనప్పుడు లేదని చెప్పడానికేం, అంత గొప్పకి పోవాలా, మంచి గుడ్డ కదా అని తిడుతూనే జాకెట్టు తిరగేసి చంకల కుట్లు చూసింది. చూసి గొంతు తగ్గించింది.

"సరి చేసింది ఎవరు?"

బాషా వీధి వైపు చూశాడు. ఎదురు దుకాణంలోంచి ధర్మేంద్ర ఇటే చూస్తున్నాడు.

"గౌసియా కోసింది," అన్నాడు. "నా కత్తెరతోనే."

 వరదమ్మ సంచిలోంచి తనకని తెచ్చుకున్న జాకెట్టు గుడ్డ తీసి, బల్ల మీద పెట్టకుండా నేరుగా గౌసియా చేతికిచ్చింది. ఇప్పుడే కొయ్యమ్మా, చూసిపోతానని స్టూలు మీద కూర్చుంది.

ఆ గుడ్డ బాషా చేతికి రాలేదు.  లేచాడు, కాళ్ళు వీధి వైపు తిరిగాయి. వెనక గౌసియా గుడ్డని రెండు పొరలుగా మడిచి పరిచింది. ఇస్త్రీపెట్టె ఇంటికి తీసుకుపోయింది, మళ్ళీ తేలేదు. సన్నటి గుడ్డ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకోలేక, కత్తెర తెరిచి అట్లాగే ఆగిపోయింది. ఆయన్ని పిలవలేదు.

బాషా మెట్టు దిగాడు. మళ్ళీ ఎక్కాడు. ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తి తెచ్చి గుడ్డ మీద పెట్టాడు. వేళ్ళు ముడుచుకోకపోయినా బరువు బరువే, గుడ్డ కదలడం మానేసింది.

"మడత విప్పొద్దు," అన్నాడు. "కొయ్యి. నేను పట్టుకొని ఉండా."