తేదీ లేని కడుదాసి

పోయిన వారం విరుదునగర్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. తనకూ నలభై దాటాయి. బడిలో పాఠాలు చెబుతుంది, ఆదివారాలు గుడిలో పిల్లలకు బైబిలు తరగతి నడుపుతుంది. ఆ పిల్లల పోటీకి ప్రశ్నలు తయారు చేస్తూ ఒకచోట ఆగిపోయి, పత్రికలో పనిచేసిన మామను అడిగితే తేలిపోతుందనుకుంది. మార్కు సువార్త ఎప్పుడు రాశారని అడిగింది. యేసును సిలువ వేసిన తరువాత ఇంచుమించు నలభై ఏళ్ళకని పండితుల్లో ఎక్కువమంది అంటారని, అంతకు ముందేననేవాళ్ళూ ఉన్నారని చెప్పాను. రాసుకుని, మందులు వేళకు వేసుకోమని నాకు జాగ్రత్తలు చెప్పి పెట్టేసింది. ఇదే జవాబును ఒకసారి కోవిల్‌పట్టిలో మా ఇంటి వసారాలో, ఈ పిల్లే మూడేళ్ళ వయసులో నా ఒడిలో ఆడుకుంటూ ఉండగా చెప్పాను. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే బాగుండేదని తరువాత ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

మాది అగ్గిపెట్టెల కంపెనీ మీద బతికిన ఇల్లు. అమ్మా అక్కా చట్రాల్లో పుల్లలు పేర్చేవాళ్ళు. నాయన వారమంతా అదే కంపెనీలో పనిచేసి ఆదివారం ఉపదేశి అయ్యేవాడు. పెద్ద గుడి అయ్యగారు నెలకొకసారి వచ్చేవారు కాబట్టి మిగిలిన ఆదివారాలు మా వీధి ప్రార్థనంతా ఆయన చేతిమీదే నడిచేది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువూ రాతా అన్నీ తమిళమే. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక, మద్రాసులో ఒక ఆఫీసులో పక్క బల్ల దగ్గర కూర్చునే నెల్లూరాయన దగ్గర నేర్చుకున్నాను. మా ఇంటి తెలుగు వినిపిస్తే ఆయన మా ముత్తాత మాట్లాడినట్టుందని నవ్వేవాడు. నాయన బైబిల్లో వాక్యాన్ని తమిళంలో చదివి, పుస్తకం మడిచి, దాన్ని మా తెలుగులో మళ్ళీ చెప్పేవాడు. అప్పుడు పుస్తకంలో లేనివి చాలా వచ్చి చేరేవి. పేతురు అత్త జ్వరం తగ్గి లేచి ఏ కూర వండిందో, తుఫాను నాడు పడవలో ఎవరు ముందు ఏడ్చారో ఆయనకు తెలిసినంతగా మార్కుకు కూడా తెలియదేమో. వినడానికి పక్క వీధి హిందువులు కూడా వచ్చి గోడవతల నిలబడేవాళ్ళు.

అక్కను సాత్తూరు ఇచ్చాం. బావది శివకాశిలో టపాసుల కంపెనీలో పని, వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. నవ్వించే మనిషి. నేను పత్రికలో చేరినప్పుడు, నిన్నటి సంగతి ఇయ్యాల అమ్మే యాపారమా బామర్దీ నీది అని ఊరందరి ముందూ ఎగతాళి చేశాడు. సంతకం తప్ప రాయడం రాదు. ఉత్తరాన్ని మా ఇంట్లో కడుదాసి అనేవాళ్ళం. ఆయన కడుదాసులన్నీ కంపెనీలో ఎవరో ఒకరు రాసిపెట్టినవే, ఒక్కోటి ఒక్కో చేతిరాత. అక్కకు చదవడం రాదు. ఆయన చెప్పి రాయించిన దాన్ని ఇక్కడ నాయన చదివి వినిపించేవాడు. మొగుడూ పెళ్ళాల మధ్య ఇద్దరు మనుషులు నిలబడేవాళ్ళన్నమాట, ఐనా మాట చేరేది.

తొలి కాన్పుకు అక్కను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు గొడవైంది. వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదు, కాన్పు సాత్తూరులోనే కానిమ్మన్నాడు బావ. అక్క పుట్టింటికే వెళ్తానని పట్టుబట్టింది. సరేనని బస్టాండు దాకా మూట మోసుకొచ్చి, బస్సు పైన పెట్టి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు. మా ఇళ్ళలో శత్రువు దగ్గర సెలవు తీసుకున్నా పోయొస్తానని చెప్పి కదులుతారు. ఆ మాట ఆయన అనలేదు. దారి పొడుగునా అక్క అదే చెప్పుకుంది.

ఆడపిల్ల పుట్టింది. కబురు పంపాం. దీపావళి ముందు రోజులు, కంపెనీలో సెలవిచ్చే కాలం కాదు. పాపకు ఇరవయ్యో రోజున మందు కలిపే గదిలో మంట లేచింది. అక్కకు బావ ముఖం కూడా చూపించలేదు, చూపించే వీలు లేదు.

ఆమె ఏడవలేదు. తిండి మానేసింది, పాలు ఎండిపోయాయి. కోపంతోనే పోయాడా అన్న ఒక్క మాట తప్ప ఆమె నోట వేరే మాట వినలేదు మేము. పాపకు బాప్తిస్మం ఇచ్చిన రోజున కూడా అంతే. పేరేమిటని అయ్యగారు అడిగితే అక్క తలెత్తలేదు. ఏ పేరూ ముందుగా అనుకుని లేము. అయ్యగారు రెండోసారి అడిగేసరికి నాయన చప్పున వాళ్ళమ్మ పేరు, అంటే మా అవ్వ పేరు, చెప్పేశాడు. ఆ రోజు నుంచి పిల్లను అందరం ఆ పేరుతోనే పిలిచాం.

ఆ తరువాత రెండు వారాలకు, బావ సామాను తెస్తానని శివకాశి వెళ్ళిన నాయన, కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబులో దొరికిందని ఒక కడుదాసి తెచ్చాడు. రాయించి, పోస్టు చెయ్యకుండానే పోయాడట. నీ మీద కోపం లేదు, ఆ రోజు పోయొస్తానని చెప్పకుండా వచ్చింది నా తప్పు, మూతి ముడుచుకోవడం మాని పాలు పట్టు, శనివారం వచ్చి పిల్లను ఎత్తుకుని వీధంతా తిప్పుతాను అని ఉంది. నాయన చదువుతుంటే అక్క మొదటిసారి బోరుమంది. ఆ పూట అన్నం తింది. రోజూ పొద్దు వాలేవేళ ఆ కాగితాన్ని ఒకసారి చదివించుకునేది, తరువాత నాయన బైబిల్లోనే దాచేది. మూడేళ్ళు అలా గడిచాయి. అక్క మళ్ళీ పనికి వెళ్ళింది, మళ్ళీ నవ్వింది. కోపంగా పోలేదు అని పక్కింటావిడతో చెప్పుకోవడం నేనే విన్నాను.

నేనప్పుడు విరుదునగర్‌లో పత్రిక డెస్కులో ఉన్నాను. చుట్టుపక్కల ఊళ్ళ విలేకరులు వార్తల్ని కవర్లో పెట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్ళు. సగం వాటికి తేదీ ఉండేది కాదు. నిన్న అని రాసి ఉంటుంది, ఆ నిన్న ఎప్పటి నిన్నో మనమే తేల్చుకోవాలి. వత్రాప్ వార్తలో వాన గురించి లేకపోతే అది వానకు ముందు రాసింది. సంత జరిగిందని ఉంటే శుక్రవారం తరువాతిది. తప్పు పట్టినవాడు గట్టిగా అరిచి చెప్పాలి, లేకపోతే అది అచ్చుకు వెళ్ళిపోతుంది. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఆ రోజుల్లోనే ఊళ్ళో క్రైస్తవ వేదశాస్త్రం చదివిన ఒక రిటైర్డు పంతులు సాయంత్రాలు పాఠాలు చెబుతుంటే వెళ్ళాను. సువార్తల మీద తేదీలు లేవు. ఎప్పుడు రాశారో తెలుసుకోవాలంటే రాసినవాడికి ఏం తెలుసో చూడాలన్నారు ఆయన. యెరూషలేము దేవాలయంలో రాయి మీద రాయి నిలవదని మార్కులో ఉంది. యేసు తరువాత దాదాపు నలభై ఏళ్ళకు రోమా సైన్యం నిజంగానే దాన్ని కూల్చింది. రాసినవాడు ఆ కూలిన దేవాలయాన్ని ఎరిగి రాశాడా, ఎరగక రాశాడా అన్నదే పండితుల తగవంతా. వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఇది మా డెస్కు పనే కదా అనిపించింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక వసారాలో నాయనకు ఇదంతా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. పేతురు చెప్పాడు, మార్కు రాశాడు, చెప్పేవాడు బతికుండగా రాయక చచ్చాక రాస్తారా అన్నాడు. ముందే తెలిసి చెప్పినవాణ్ణి దేవుడంటారు, జరిగాక చెప్పేవాణ్ణి పేపరోడంటారు అని కూడా అన్నాడు. అక్క నవ్వింది. నాకు ఉక్రోషం వచ్చింది.

"తేదీ లేనిదానికి తేదీ ఎట్లరా సెప్తారు? పక్కనుండి సూసినారా?" నాయన మళ్ళీ అడిగాడు.

చూడనక్కరలేదన్నాను. ఇప్పుడే చూపిస్తానని, చేతికి దగ్గరగా ఉన్న బైబిల్లోంచి ఆ కడుదాసి తీశాను. దీని మీదా తేదీ లేదు కదా, ఎప్పటిదో చెబుతాను చూడండి అన్నాను. ఇందులో పాప పుట్టిన సంగతి ఉంది కాబట్టి పుట్టాక రాయించింది. శనివారం వస్తానని ఉంది కాబట్టి ప్రమాదానికి ముందుది. అంటే ఆ ఇరవై రోజుల్లోనిది. ఇంకా దగ్గరికి తేవచ్చునని కింది వరుస కేసి చూశాను. నాయన చదవగా వందసార్లు విన్న కాగితమే, నా కళ్ళతో చదవడం మాత్రం అదే మొదలు. పిల్లను ఎత్తుకుంటానన్న చోట పిల్ల అని లేదు. మా అవ్వ పేరు ఉంది.

అక్కడ ఆగవలసింది. కాగితం మడిచి, నాయనా నువ్వే గెలిచావు అంటే సరిపోయేది. అన్నేళ్ళ డెస్కు అలవాటు నా నోట్లోంచి అరిచింది. బాప్తిస్మం రోజు దాకా ఈ పేరు లేదే, బావకెలా తెలుసు అన్నాను.

రెండు వారాలు పిలిచి పిలిచి నోటికి అలవాటైన పేరు నాయనకు తెలియకుండా దొర్లిపోయింది. చదివేటప్పుడూ ఆ పేరుతోనే చదివేవాడు, అంతమంది విన్నాం, మాకూ అలవాటైన పేరు కాబట్టి ఒక్కరికీ తట్టలేదు. అక్క బియ్యం చేట కింద పెట్టి నాయన ముఖంలోకి చూసింది.

"నువ్వా నాయనా?"

"సేతిరాత శివకాశి టీకొట్టాయనది. సెప్పింది నేను." నాయన గొంతు సగానికి పడిపోయింది. "ఆ పిల్లోడు సెప్పాలనుకునిందే సెప్పినామ్మా."

"నీకెట్ల తెలుసు?"

అక్క నా చేతిలోంచి కాగితం తీసుకుని, ఉన్న మడతల మీదే మళ్ళీ మడిచి, నాయన ముందు పెట్టింది. ఇది నీదే, నువ్వే పెట్టుకో అంది. కోపంగా కూడా అనలేదు. చేట తీసుకుని లోపలికి వెళ్ళింది.

తరువాతి ఆదివారం నుంచి నాయన తమిళంలో వాక్యం చదివి, పుస్తకం మడిచి, కళ్ళు మూసుకునేవాడు. మా తెలుగులో చెప్పడం మానేశాడు. పేతురు అత్త మళ్ళీ ఏ కూరా వండలేదు. గోడవతలి జనం రెండు మూడు వారాలు చూసి రావడం మానుకున్నారు. బతికినంతకాలం ఆయన నన్ను ఒక్క మాట అనలేదు.

చేసిన దాన్ని దిద్దుకోవాలని నేను సెలవు దొరికినప్పుడల్లా శివకాశి వెళ్ళాను. బావతో పనిచేసినవాళ్ళ కోసం వెతికాను. ఆరు నెలలకు ఒకాయన వత్రాప్‌లో మామిడితోపు కావలి కాస్తున్నాడని తెలిసింది. అదే మంటలో కుడిచెయ్యి కాలినవాడు. ఆయన నేనేమీ అడగకముందే చెప్పాడు. సాత్తూరులో బావ తొట్టిల కట్టె కొన్నాడట. చీరతో కట్టిన ఊయల మడతపడకుండా అడ్డంగా పెడతారే, ఎరుపూ పచ్చా రంగులు వేసిన ఆ కట్టె. టీ వేళల్లో దాన్ని అందరికీ చూపించి, శనివారం పోతా, ముందు పెండ్లాన్ని నవ్వించల్ల, బిడ్డ సంగతి తర్వాత అనేవాడట. కట్టె ఏమైందో తెలియదన్నాడు. అక్కడ పనిచేసేవాళ్ళెవరో పట్టుకుపోయి ఉంటారన్నాడు.

అక్కడి నుంచి నేరుగా కోవిల్‌పట్టి బస్సెక్కాను. దారిలో రెండు బస్సులు మారాను, ఎక్కడా కూర్చోలేదు. ఇంటి ముందు చట్రం ఒళ్ళో పెట్టుకుని పుల్లలు పేరుస్తున్న అక్క పక్కన చతికిలబడి, ఆ మనిషి చెప్పిన ప్రతి మాటా, రంగులతో సహా చెప్పాను. ఆమె చెయ్యి ఆపకుండా చివరిదాకా విన్నది. ఒక వరుస నిండింది.

"బాగుండాది తమ్ముడా. నాయనకన్నా నువ్వు బాగా సెప్తావు."

ఒట్టు వేశాను. వత్రాప్ వెళ్దాం రా, ఆయన నోటితోనే విను అని బతిమాలాను. ఆయనకు నువ్వు చెప్పి పెట్టి ఉంటావులే అన్నట్టు తల ఊపి, రెండో వరుస మొదలుపెట్టింది. మరోసారి అడిగేలోగా ఆ కావలాయన తోపు వదిలి కేరళ వైపు వెళ్ళిపోయాడు.

అక్క పోయి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు కోవిల్‌పట్టిలో పుల్లలు యంత్రాలు పేరుస్తున్నాయి. మా వీధిలో ఆ తెలుగు మాట్లాడే ఇళ్ళు నాలుగో ఐదో మిగిలాయి, వాటిల్లోనూ పిల్లలు తమిళంలోనే జవాబిస్తారు. చెప్పేవాడొకడూ రాసేవాడొకడూ అయ్యే కడుదాసుల కాలం పోయింది. ఎవరు ఏ మాట పంపినా దాని కింద గంటా నిమిషమూ పడుతున్నాయి. తేదీలు తేల్చే మనిషి అవసరం ఎవరికీ లేదు. పంతులు చెప్పిన లెక్క తప్పని నేను ఈనాటికీ అనుకోను. అక్క అడిగింది మాత్రం ఎప్పుడు రాశారని కాదు. కోపంతో పోయాడా అని ఒక్కటే అడిగింది. లేదని నాకు తెలుసు. ఆమె అది తెలుసుకోకుండానే పోయింది.