కవ్వం పట్టిన ఐర్లాండు పిల్ల

కిందటి వేసవిలో మా అమ్మాయి, బెంగళూరులో తనతో పనిచేసే ఐర్లాండు పిల్ల నోరాను రేపల్లెలోని మా ఇంటికి తీసుకొచ్చింది.

మర్నాడు పొద్దున మా అత్తగారు భుజం నొప్పితోనే గంట నుంచి మజ్జిగ చిలుకుతున్నా వెన్న తేలడం లేదు. సరిగ్గా అప్పుడే నోరా వంటింట్లోకొచ్చి కుండలోకి తొంగిచూసింది. అత్తగారు చటుక్కున కుండ మీద పైటచెంగు కప్పేశారు.

"ఆ పిల్లని అవతలికి తీసుకెళ్ళవే! దిష్టి తగిలితే ఇక వెన్న రాదు" అంటూ నా మీద కేకలేశారు.

నేను నోరా చెయ్యి పట్టుకుని లాగాను. ఆ పిల్ల బయటికి రాకపోగా, మొహం కందగడ్డలా చేసుకుని, అత్తగారి చేతిలోని కవ్వం తాడు లాక్కుని చిలకడం మొదలెట్టింది!

"ఓరి నాయనో! కుండ పగలగొడుతుందే!" అత్తగారు లబలబలాడారు.

మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి అడిగితే అసలు సంగతి తెలిసింది. వాళ్ళ అమ్మమ్మగారి ఊళ్ళో, చిలికే వేళ వచ్చినవాళ్ళు ఓ చెయ్యి వెయ్యకుండా వెళ్తే, ఆ ఇంటి వెన్న దొంగిలించినట్టేనట! మేం తనని దొంగ అనుకున్నామని పాపం హడలిపోయింది.

ఇంతలో వెన్న తేలింది. మొదటి ముద్ద అత్తగారు నోరా చేతిలోనే పెట్టారు.

వారం తిరక్కుండా, గ్యాసు బండ దించి వెళ్ళబోతున్నతన్ని అత్తగారు ఆపడం విన్నాను. "కాస్త చిలికి వెళ్ళు నాయనా, లేకపోతే మా వెన్న నీ వెంట వచ్చేస్తుంది."

నమ్మకాల మాటెలా ఉన్నా, ఆవిడ భుజం నొప్పి మాత్రం అప్పట్నుంచి మళ్ళీ రాలేదు.