నూనె రాసిన పైకప్పు

ఇర్వింగ్ పొలిమేరలో, హైవే పక్కనున్న ఆర్వీ సర్వీస్ యార్డులో నేను లీడ్ రూఫ్ టెక్నీషియన్‌గా పనిచేసిన చివరి ఏడాది అది. మే నెల మూడో వారం, సోమవారం ఉదయం, ఒక పాత ట్రావెల్ ట్రైలర్ నా పేరున జాబ్ కార్డుతో, మరమ్మతులు చేసే రెండో బేలోకి వచ్చింది. ఆర్వీ అంటే చక్రాల మీద తిరిగే ఇల్లు. వాటిలో సొంత ఇంజను లేకుండా పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లేది ట్రావెల్ ట్రైలర్. మా యార్డులో హెల్పర్, టెక్నీషియన్, లీడ్ అని మూడు మెట్లుండేవి. అందరి పైనా ఫోర్‌మన్. లీడ్ సంతకం లేకుండా పైకప్పు మీద పూత మొదలుపెట్టకూడదన్నది అక్కడి నియమం.

ట్రైలర్ యజమాని మా చర్చి సంఘంలోని సువార్తమ్మ అక్క. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆమె ప్రార్థన చేస్తుంటే మా ఆదివారపు ఆరాధనలో పసిపిల్లలు కూడా అల్లరి మానేవారు. డయాబెటిస్ ఉన్న పిల్లల కోసం కొండల ప్రాంతంలో నడిచే ఒక వేసవి క్యాంపుకు నర్సు కావాలని, ఉండటానికి గది మాత్రం లేదని తెలిసి, ఆమె ఈ పాత ట్రైలర్ కొన్నారు. పికప్ నడపడం అందుకోసమే నేర్చుకున్నారు. క్యాంపు వచ్చే సోమవారం మొదలవుతుంది. నర్సు లేనిదే దాన్ని తెరవడానికి వీల్లేదు. ఆదివారం ఆరాధన ముగియగానే ఆమె బయలుదేరాలి. పిల్లల మందులు, ఇన్సులిన్ ఫ్రిజ్ అన్నీ ఆ ట్రైలర్‌లోనే ఉంటాయి కాబట్టి చుక్క నీరు కారకూడదు.

ఆ పైకప్పు ఈపీడీఎమ్ అనే రబ్బరు షీటు. పలుచని ప్లైవుడ్ మీద అంటించి ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకు పైపొర సుద్దలా మారి, వాన పడ్డప్పుడల్లా గోడల వెంట తెల్లటి చారలై దిగుతుంది. చూసినవాళ్లు పైకప్పు పోయిందనుకుంటారు గాని, అడుగున రబ్బరు బాగుంటే దాన్ని పీకనక్కర్లేదు. కడిగి, పూత అంటుకునేందుకు ప్రైమర్ పట్టించి, రెండు పూతలు కోటింగ్ వేస్తే మళ్లీ చాలాకాలం నిలుస్తుంది. నేను చేసిన పనుల్లో ఇదంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఇందులో తొంభై పాళ్లు కడగడం, వెతకడం. పూత వేయడం చివరి పది పాళ్లే.

సోమ, మంగళవారాలు తనిఖీకి పోయాయి. అరచేతులతో నొక్కుతూ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాను. ప్లైవుడ్ ఎక్కడైనా చివికి ఉంటే చేతికింద మెత్తగా దిగుతుంది. ఎక్కడా దిగలేదు. గాలి గొట్టాల చుట్టూ, స్కైలైట్ చుట్టూ బీటలు వారిన, సందులు మూసే పాత సీలెంట్ తీసి కొత్తది వేశాను. వెనక అంచున అల్యూమినియం పట్టీ వెంట ఉన్న తెల్లటి సీలెంట్ నున్నగా, గట్టిగా కనిపించింది. దాన్ని అలాగే వదిలేశాను. బుధవారం రెండుసార్లు కడిగి, మధ్యాహ్నం మూడు చోట్ల అతుకు పరీక్షకు గుడ్డ పట్టీలు అంటించాను. కొంచెం కోటింగ్ పూసి, అందులో గుడ్డ పట్టీ ముంచి ఆరనిచ్చి, మర్నాడు లాగి చూస్తాం. సులువుగా ఊడితే పని మళ్లీ మొదటికొస్తుంది.

ఆ సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే సువార్తమ్మ అక్క ప్రార్థన చేసుకోవడానికి వచ్చారు. కొత్త ఇల్లయినా, కారయినా వాడకానికి ముందు ప్రతిష్ఠ చేయించడం మా సంఘంలో ఆనవాయితీ. అక్క పైకెక్కి చూస్తానంటే నిచ్చెన పట్టుకున్నాను. ఆమె పైన మోకరించి ప్రార్థన మొదలుపెట్టారు. ఆమె వెనకే నిచ్చెనెక్కి నిలబడి నేనూ కళ్లు మూసుకున్నాను. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ఆమె చేతిలో ఆలివ్ నూనె సీసా ఉంది. నేను రోజంతా కడిగిన రబ్బరు అక్కడక్కడా మెరుస్తోంది.

నూనె ఈ రబ్బరుకు పడదు. అది లోపలికి ఇంకి రబ్బరును ఉబ్బిస్తుంది. దాని మీద వేసిన పూత పొక్కులై లేస్తుంది. ఆ సంగతి మా యార్డులో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా నోరు మెదపలేదు. ప్రార్థించి రాసిన అభిషేక తైలాన్ని మురికి అని ఏ నోటితో అనను? అదీ ఆమెతో? ఆమెను కిందికి దించి, ట్రక్కు దాకా సాగనంపాను.

గురువారం ఉదయం గుడ్డ పట్టీలు లాగితే మూడూ బలంగానే ఉన్నాయి. మూడూ నూనె తగలని చోట్లు. పూతకు ముందు నింపే ప్రెప్ షీటులో చివరి వరుస ఇలా ఉంటుంది: ‘ఉపరితలం శుభ్రంగా, పొడిగా, నూనె లేకుండా ఉన్నదని ధ్రువీకరిస్తున్నాను.’ ఆ వరుస దగ్గర పెన్ను ఆగింది. బైబిలు వాక్యం చదివి పెరిగినవాణ్ణి. సంఘ పెద్ద హోదాలో ఆ రోజుల్లో సత్యం గురించి చాలాసార్లు బోధించాను కూడా. ఫోర్‌మన్ డేల్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను.

డేల్ ఏ చర్చికీ వెళ్లే మనిషి కాదు. నవ్వుతాడనుకున్నాను. ఏ నూనె అని మాత్రం అడిగాడు. చెప్పాను. ఆపైన అతనన్న మాట ఇప్పటికీ గుర్తు: “ప్రార్థన చేసుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ నా నిచ్చెన మీద ఉన్నప్పుడు మాత్రం కళ్లు తెరుచుకుని చేసుకో.”

తర్వాత ఫోన్ చూపించి, ఆమెకు నువ్వే చెప్పాలి అన్నాడు.

నూనె రాసిన చోట పూత నిలవదని ఫోన్లో చెప్పాను. అక్క అంతా విన్నారు. బాధపడతారనుకున్నాను. ఆమె గొంతులో వినిపించింది కోపం, అదీ వేరే సంగతికి.

“తమ్ముడూ, ముప్పై ఏళ్లు థియేటర్లో ఉన్నాన్నేను. పేషెంట్‌ని ప్రెప్ చేశాక పాస్టరు గారొచ్చినా ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ప్రార్థన తలుపు బయటే. నిన్ననే ‘అక్కా, ఇది స్టెరైల్’ అని ఒక్క ముక్క అంటే ఏం పోయేదయ్యా?”

తప్పయిందక్కా అన్నాను.

“సరే, నోరు మూసుకుని బాధపడింది చాలు. వస్తున్నా. ఏడు చోట్ల రాశాను. అన్నీ గుర్తున్నాయి.”

గంటలో వచ్చారు. సుద్దముక్క తీసుకుని మళ్లీ నిచ్చెనెక్కి, ఏడు చోట్లా గుండ్రంగా గీతలు గీశారు. ఎండకు నూనె ఇంకిపోయి కంటికి కనిపించని చోట్లు కూడా తడుముకోకుండా చూపించారు. కడగడం మాత్రం మా పనే. గీత బయటి నుంచి లోపలికి తుడవాలని, ఒకసారి తుడిచిన గుడ్డ మళ్లీ వాడొద్దని ఆమె కింద నుంచి చెబుతుంటే డేల్ తలెత్తి ఒకసారి ఆమె వైపు చూశాడు. అది మా మాన్యువల్లో ఉన్న పద్ధతే. ఆ తర్వాత ఆయన ఆమెను ‘మ్యామ్’ అనకుండా ‘నర్స్’ అనే పిలిచాడు.

ఏడో చోటు వెనక అంచు. అల్యూమినియం పట్టీ పక్కన తుడుస్తుంటే నా గుడ్డ తెల్లటి సీలెంట్‌కి పట్టుకుని, ఆ గట్టు కమలా తొక్కలా జానెడు పొడుగున లేచి వచ్చింది. అది పైకప్పుకు వాడే సీలెంట్ కాదు, సిలికాన్. పాత యజమాని ఎప్పుడో కారుతుంటే పూసినట్టున్నాడు. చూపుకు రెండూ ఒకటే. కానీ సిలికాన్ ఈ రబ్బరును గట్టిగా పట్టుకోదు. దాని మీద ఇంకే పూతా నిలవదు. కింద ప్లైవుడ్ అంచు నల్లబడి ఉంది. తేమ మీటరు ఆనిస్తే ముల్లు ఎర్ర గీత దాటింది. సరిగ్గా దాని కింద, లోపలి గోడకు, ఆమె ఇన్సులిన్ ఫ్రిజ్ పెట్టుకునే అర ఉంది.

ఆ మధ్యాహ్నమంతా తడిసిన చెక్క కోసి, చుట్టుపక్కల ఆరబెట్టి, కొత్త ముక్క వేసి, సిలికాన్ ఆనవాలు లేకుండా గీకి, అతుకు మీద రబ్బరు టేపు వేశాం. గురువారం వేయాల్సిన మొదటి పూత శుక్రవారం ఉదయం పడింది. అంతకుముందు, పట్టీలు ఈసారి ఏడు గీతల లోపలే గురువారం సాయంత్రం అంటించి, తెల్లారాక లాగి, ఆ తర్వాతే సంతకం పెట్టాను. రెండో పూతకు శనివారం తప్ప రోజు లేదు. డేల్ సెలవు మానుకుని తెల్లారేసరికి వచ్చాడు. ఎండ ముదిరితే పూత రోలరు కిందే చిక్కబడుతుంది. అందుకని ఎనిమిదింటికల్లా ముగించాం.

ఆదివారం ఉదయానికి పూత ఆరింది. ఆరాధనలో దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే సమయానికి ముందే అక్క నన్ను పక్కకు పిలిచారు.

“నూనె వల్ల అద్భుతం జరిగిందని లేచి చెబుతావేమో, చెప్పకు. మోకాళ్ల మీద రెండోసారి వెతికావు, దొరికింది. మొదటిసారి ఎందుకు దొరకలేదో అది చూసుకో.”

నేను సాక్ష్యం చెప్పలేదు. నిజానికి చెప్పాలనే అనుకున్నాను.

యార్డులో ట్రక్కుకు ట్రైలర్ తగిలించాక ఆమె సీసా తీసి, ఇప్పుడు ఎక్కడ రాయొచ్చో చెప్పమన్నారు. ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే హిచ్ పక్కన ఇనప కమ్మీ చూపించాను. దానికి నూనె వల్ల నష్టం లేదు. ఆమె ప్రార్థించారు. నేను కళ్లు తెరుచుకునే ఆమెన్ అన్నాను. డేల్ దూరం నుంచి చూసి తలాడించాడు. క్యాంపు సోమవారం అనుకున్న వేళకే తెరిచారు. ఆగస్టులో ట్రైలర్ తిరిగొచ్చినప్పుడు మీటరు పెట్టి చూశాను. వెనక అంచు పొడిగా ఉంది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ప్రతి పైకప్పునూ సంతకానికి ముందు రెండుసార్లు వెతికి చూశాను, రెండోసారి అది ఇంకొకరు చేసిన పని అనుకుని. ప్రార్థనను పని మొదలుపెట్టకముందే ముగించేవాణ్ణి. మనిషి మీద గౌరవంతో చెప్పాల్సిన మాట దాచితే, ఆ దాపరికం బరువు చివరికి ఆ మనిషి మీదే పడుతుంది. విశ్వాసం దేవుని మీద ఉంచవలసింది. నా చేతిపని మీద ఉంచవలసింది మీటరు.