చప్పుడు లేని ఇంజను

1962 ఎండాకాలం. మహబూబ్‌నగర్‌లో రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని మోటారు సైకిళ్లు బాగుచేసేవాణ్ణి. ఊళ్లో ఉన్నవే కొన్ని బండ్లు. అందులో ఒకటి పశువుల దవాఖాన కంపౌండర్ రాజలింగంగారిది. యుద్ధం అయిపోయాక వేలంలో కొన్న పాత విలాయతి బండి, నాకంటే మొండిది.

ఒకరోజు దాన్ని తెచ్చి, "మిస్త్రీ, ఇంజన్ల ఒకటే టక్ టక్ అంటాంది. తలకాయ నొస్తాంది. గా సప్పుడు బంద్ చెయ్యి" అన్నాడు. చేశాను. నా చెయ్యి గొప్పదని ఆయన బజారంతా చెప్పాడు. నేనూ మీసం మెలేశాను, అబద్ధమెందుకు!

వారం తిరిగాక ఒక పొద్దున అదే బండిని ఆయనా, మల్లయ్య అనే గొల్లాయనా తోసుకుంటూ వచ్చారు. కోస్గి పక్క పల్లెలో పశువులకు పెద్దరోగం తగిలిందట. కంపౌండర్‌ను తీసుకుపోవడానికి మల్లయ్య వచ్చాడు. టీకా మందు మంచు వేసిన థర్మస్‌లో అతని మెడకు వేలాడుతోంది. మంచు కరిగితే మందు పనికిరాదు, మళ్లీ హైదరాబాదు నుంచి రావాలి. బస్సు వెళ్లిపోయింది. బండేమో ఊరు దాటిన రెండు మైళ్లకే ఆగిపోయింది.

"అన్నా, మా వాడకట్టుల ఇప్పటికే మూడు బర్లు సచ్చినయి. జర జల్ది చూడు" అని మల్లయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

కిక్ కొడితే కాలికి ఎదురే లేదు. లోపల గాలి నిలవడం లేదన్నమాట. ఇంజనుకు తలుపుల్లాంటివి వాల్వులు. వాటిని లేపేది క్యామ్, గుడ్డు ఆకారంలో ఉండే ఉక్కు ముక్క. వాల్వు కాడ కింద వెంట్రుకంత సందు ఉండాలి, దాన్నే క్లియరెన్స్ అంటాం. టక్ టక్‌మనేది ఆ సందు వల్లే. ఇంజను వేడెక్కితే కాడ పొడుగవుతుంది. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు.

క్యామే అరిగి ఉండాలి దేవుడా అని మొక్కుకుంటూ వెర్నియర్ అనే కొలబద్దతో రెండు వాల్వులూ ఎంతెంత లేస్తున్నాయో కొలిచాను. ఆ బండిలో రెండూ సమానంగా లేవాలి. మళ్లీ కొలిచాను. పొగను బయటికి వదిలే వాల్వు రవ్వంత తక్కువ లేస్తోంది, అంతే. ఆ అరుగుదలకు చప్పుడు వస్తుంది గానీ బండి ఆగదు.

ఫీలర్ గేజ్ అంటే సందులు కొలిచే పలుచని ఉక్కు రేకుల కట్ట. అందులో అన్నిటికంటే సన్నని రేకు కూడా దూరలేదు. చప్పుడు ఆపడానికి ఆ సందు మూసింది నేనే.

"ఏమైంది?" అన్నాడు రాజలింగంగారు. క్యామ్ అరిగిందంటే నమ్మేవాడే. మల్లయ్య థర్మస్ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "మంచు ఇంకా ఉంది సార్, కొంచమే" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పు బండిది కాదు సార్, నాది. మీరు సప్పుడు వద్దన్నరు, నేను సందు మూసిన."

ఆయన ముఖం ఎర్రబడింది. "తిట్టుడు తర్వాత. ముందుగాల బాగుచెయ్యి."

చేద్దామంటే ఇంజను చల్లారాలి, వేడి మీద సందు సరిగ్గా కుదరదు.

"నీళ్లు పోద్దమా?" అన్నాడు మల్లయ్య.

"అయ్యో, పోస్తే పగులుతది!"

అతను తన గొంగడిని తడిపి థర్మస్‌కు చుట్టాడు, తలపాగా విప్పి ఇంజనుకు విసరడం మొదలుపెట్టాడు. గంట సేపు ముగ్గురం వంతులవారీగా విసిరాం. చెయ్యి ఆనించగలిగాక సందు తెరిచి, రేకు పెట్టి చూసి బిగించాను. కిక్ కొడితే ఈసారి కాలిని వెనక్కి తన్నింది. రెండో కిక్కుకి ఇంజను అందుకుంది. టక్ టక్ టక్! ఆ చప్పుడు వింటే ఏడుపొచ్చింది.

మర్నాడు రాజలింగంగారు వచ్చి, థర్మస్ తెరిచేసరికి గోరంత మంచు మిగిలిందని చెప్పాడు. తర్వాత మిగిలిన తిట్లన్నీ తిట్టాడు.

అప్పటి నుంచి చప్పుడు ఆపమని ఎవరడిగినా ముందు కొలిచేవాణ్ణి. ఏడాది తిరిగాక రాజలింగంగారే మళ్లీ వచ్చాడు. బండి బాగానే నడుస్తోంది, అయినా ముఖంలో కంగారు.

"మిస్త్రీ, రెండు దినాల సంది సప్పుడు తగ్గింది. నాకు భయమైతాంది. జర సందు చూడు."

చూశాను. వాల్వు ఆనే చోటు అరిగి, సందు నిజంగానే మూసుకుపోతోంది.