జవాబు చెప్పని ప్రెసిడెంటు

మా మునిచంద్రన్నకు ఒకటే రోగం. ఎవరేమి అడిగినా జవాబు చెప్పడు, తిరిగి మననే అడుగుతాడు. పుంగనూరు బస్టాండు ముందర ఆటోలు పెట్టుకునే మా అందరికీ ఆయనే ప్రెసిడెంటు.

ఒకసారి ఓ పెద్దాయన మునిచంద్రన్న ఆటో ఎక్కి, “ఆటో మదనపల్లెకు పోతాదా?” అన్నాడు.

“నువ్వేమనుకుంటాండావప్పా?”

“పోతాదనే అనుకుంటాండా.”

“యా దోవన పోతే బాగుంటాదంటావు?”

పెద్దాయన గబగబా దిగి నా ఆటో ఎక్కేసినాడు. “నువ్వు పోనీ నాయనా. ఆయప్పకు ఊరు కొత్త మాదిరి ఉండాది,” అన్నాడు.

హోటల్లోనూ అంతే. ఏం కావాలని సర్వరు అడిగితే, “ఏం తినమంటావు?” అంటాడు. ఆ పిల్లోడు దోసె బాగుందని మొదలుపెట్టి, తనకు కుదరకుండా పోయిన పెళ్లి సంబంధం దాకా అంతా చెప్పుకునేవాడు. ఈలోగా మా దోసెలు పెనం మీద మాడిపోయేవి.

ఇంక తగువులు! బేరానికి ముందు పోయే సీరియల్ నాదంటే నాదని లోకేష్, హరీష్ కొట్లాడుకుని ఆయన దగ్గరికి పోయినారు.

“లోకేషూ, నువ్వు హరీషువైతే ఏమంటావు? హరీషూ, నువ్వు లోకేషువైతే?”

ఒకరి పక్షం ఒకరు ఎంత బాగా వాదించినారంటే, కాసేపటికి “సీరియల్ నీదే”, “కాదు, నీదే” అని మళ్లా చొక్కాలు పట్టుకున్నారు. ఆ సందులో నేను ప్యాసింజర్లను ఎక్కించుకుని పోయినాను.

“ఈయనేం లీడరప్పా! లీడరంటే గొంతుండాల, బల్ల గుద్దాల,” అని నేను విసుక్కునేవాణ్ణి.

ఆయన భార్య సరోజమ్మ పోయి కొన్నేళ్లయింది. కూతురు కుప్పంలో కాపురం చేస్తాంది. సాయంత్రమైతే మేమంతా ఇంటికి పరుగులు పెడతాం, ఆయన ఒక్కడే తుడిచిన ఆటోనే మళ్లా తుడుస్తా ఉంటాడు.

“ఇంటికి పోవా అన్నా?” అన్నాను ఒకరోజు.

“పోయి ఏంజేయాల మురళీ?”

నేను ఆటో స్టార్టు చేసుకుని మా ఇంటి దోవ పట్టినాను.

అట్లుండగా ట్రాఫిక్ ఎక్కువైందని, పోలీసులు ఆటో స్టాండును ఊరి బయటికి మార్చాలన్నారు. మార్చితే సగం మందికి బేరాలుండవు. “నువ్వొచ్చి ఎస్సైతో మాట్లాడన్నా,” అని అందరం ఆయన మీద పడినాం.

ఆయన మా వెనక నిలబడిన అమరావతి వైపు తిరిగినాడు. మొగుడి కాలు విరిగినాక ఆయన ఆటో తానే తోలుతాంది ఆమె. మీటింగుల్లో ఏనాడూ నోరు తెరిచింది లేదు.

“నువ్వయితే ఏం జెప్తావమ్మా?”

“బస్సు దిగి ఆస్పత్రికి పోయే ముసిలోళ్లు అంత దూరం నడవలేరు కదన్నా. సగం ఆటోలు ఈడ, సగం ఆడ పెట్టుకుందాం. వారానికోసారి మార్చుకుంటే సరి.”

“అదే ఎస్సై సారుకు చెప్పు.”

“నేనా! నాకు మాట రాదన్నా.”

“రాకపోతే ఏమైతాది?” అన్నాడు ఆయన. మా కొంప మునుగుతాదని నేను పళ్లు కొరికినాను.

స్టేషన్లో అమరావతి రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది. నేను మధ్యలో దూరబోతే, ఎస్సై చెయ్యి అడ్డం పెట్టి, “ఆమెను చెప్పనీ,” అన్నాడు. అమరావతి గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్లా మొదలుపెట్టింది, ఈసారి చివరిదాకా చెప్పింది. ఎస్సై సరేనన్నాడు.

తర్వాతి మీటింగులో మునిచంద్రన్న, “నాకు చూపు తగ్గింది. ఆటో అమ్మేస్తాండాను. ఇంక ప్రెసిడెంటు ఎవురు?” అన్నాడు. అందరి కళ్లూ అమరావతి మీదికే పోయినాయి. ఆయన నవ్వి, కండువా దులుపుకుని వెళ్లిపోయినాడు. మళ్లా స్టాండు వైపు రాలేదు. మా పనుల్లో పడి మేమూ ఆయన్ను మరిచినాం.

మొన్న వేరే పని మీద పోతే ఎస్సై అడిగినాడు, “మీ పాత ప్రెసిడెంటు ఎట్లుండాడు? ఆ పొద్దు మీకంటే ముందే నా దగ్గరికి వచ్చినాడు.”

“ఏమడిగినాడు సార్?”

“‘ఒకామె వస్తాది. మధ్యలో ఆగిపోతాది. తొందరపెట్టకండి, మళ్లా మొదలుపెడతాది. ఒప్పుకునేది, మానేది మీ ఇష్టం’ అన్నాడు. మీరే చెప్పొచ్చు కదా అంటే, ‘నేను జెప్తే ఈ పొద్దు పని అయితాది. ఆమె జెప్తే నేను లేనప్పుడు గూడా అయితాది’ అన్నాడు.”

ఈ మాట అమరావతికి చెప్పినాను. ఆమె కళ్లు తుడుచుకుని, “మధ్యాన్నం అన్నం యాడ తింటాండారు మీరంతా?” అంది.

“ఎవురి ఆటోలో వాళ్లం.”

“రేపట్నించి ఆటోల్లో తినొద్దు.”

మర్నాడు మధ్యాహ్నం స్టాండు స్టాండంతా క్యారియర్లు పట్టుకుని మునిచంద్రన్న ఇంటికి పోయినాం. తలుపు తీసి మమ్మల్ని చూసి గబగబా పక్కకు జరిగినాడు. మేమే చాప పరుచుకుని కూర్చున్నాం. “నీళ్లు తెస్తా,” అని లోపలికి పోయి, కాసేపు గిన్నెలు చప్పుడు చేసి, ఒకే ఒక్క గ్లాసు పట్టుకుని బయటికొచ్చినాడు. ఇంట్లో ఉండేది అదొకటే.

గ్లాసు వైపు చూసినాడు, మా వైపు చూసినాడు. పంచె ఎగ్గట్టి, చెప్పులు గూడా తొడక్కుండా పక్కింటికి పరిగెత్తినాడు.

“బయ్యమ్మక్కా! గ్లాసులుంటే ఇయ్యక్కా!” వీధంతా వినబడేటట్టు అరిచినాడు. “మా ఇంటికి జనం వచ్చినారు!”