పై వరసలో చెయ్యెత్తిన బావ

మా బావకి ప్రశ్నల జబ్బు ఉంది. దగ్గు, తుమ్ము లాగే అదీ ఆయన చేతిలో లేదు. మనిషి కనబడితే చాలు, "ఇదొక్కటి చెప్పండి" అని మొదలెడతాడు. ఆ ఒక్కటి ఎన్నడూ ఒక్కటి కాదు. చీమల బారులో మొదటి చీమ.

ఒకసారి వాళ్లింట్లో కుళాయి కారుతుంటే బాగుచేసేవాడు వచ్చాడు. చిటికెలో అయిపోయే పని. పొద్దున వచ్చినవాడు మధ్యాహ్నానికి మా అక్కని కుర్చీ అడిగాడు.

"పనైపోయిందా?" అంది అక్క.

"ఇంకా మొదలెట్టలేదమ్మా. నీళ్లు పై అంతస్తుకి ఎలా ఎక్కుతాయో సార్‌కి చెబుతున్నాను. ఇప్పుడే మేడ మెట్ల దాకా వచ్చాం."

పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్నా ఆగలేదు. సైగలతో అడిగాడు. ఇప్పుడా డాక్టరు బావని చూడగానే ముందు మత్తిచ్చి, తరవాత నమస్కారం పెడతాడు.

అలాంటి మనిషితో నేనూ అక్కా ఓ సాయంత్రం పార్కులోని పాత ఆరుబయలు సంగీతశాలకి వెళ్లాం. మైకులు పుట్టకముందు కట్టింది. అర్ధచంద్రాకారంలో రాతిమెట్లు, అడుగున వేదిక, దాని వెనక ఆల్చిప్పలా వంగిన గోడ. ఇప్పటికీ అక్కడ కచేరీకి మైకు పెట్టరు. ఆవేళ ఎవరో అమ్మాయి ఫిడేలు వాయిస్తుందన్నారు. చాలా ముందుగా బయల్దేరదామన్నాడు బావ. ఎందుకో నాకు తెలుసు. జనం లేనప్పుడైతే జవాబు చెప్పేవాడికి తప్పించుకునే దారి ఉండదు.

గేటు దగ్గర కాపలాదారు దొరికాడు.

"ఇదొక్కటి చెప్పండి. మెట్ల కింద ఈ కన్నాలెందుకు?"

"వాన నీళ్లు పోవడానికండీ."

"కింది మెట్లు వెడల్పు, పై మెట్లు ఇరుకు. ఎందుకలా?"

"పెద్దమనుషులు కింద కూర్చునేవారట."

"అయితే పైవాళ్లకి సంగీతం కూడా ఇరుగ్గానే వినబడేదా?"

కాపలాదారు మీసం దువ్వుకున్నాడు. ఇన్నాళ్లకి అడిగేవాడొకడు వచ్చాడు. "అదే కదండీ ఇక్కడి తమాషా! వేదిక మీద గుసగుసలాడినా పై వరసకి చేరుతుంది. కావాలంటే మీరే చూడండి."

చూడకుండా ఉంటాడా? అక్కని పై వరసకి తోలాడు. మోకాళ్లు పట్టుకుని, ఆయన్ని తిట్టుకుంటూ ఎక్కింది. బావ నన్ను వేదిక నడిమధ్యకి లాక్కెళ్లాడు. తీరా అక్కడ నిలబడ్డాక ఏం మాట్లాడాలో ఆయనకి తోచలేదు. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు. "మధ్యాహ్నం కూరలో ఉప్పు కాస్త ఎక్కువైంది, గమనించావా?"

పైనుంచి జవాబు దిగింది. "రేపట్నుంచి మీరే వండుకోండి!"

కాపలాదారు కడుపు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. బావ మొహం మాత్రం వెలిగిపోయింది. "విన్నావురా? ఒక్క అక్షరం పోలేదు! అసలీ గోడ వెనకవైపు ఎలా ఉంటుందంటావు?"

వెనకవైపు ఒక చిన్న గది ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. లోపల కుర్చీలో ఫిడేలమ్మాయి ముడుచుకు కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి. మొహాన నెత్తురు చుక్క లేదు. ఎదురుగా కచేరీ నిర్వాహకుడు బతిమాలుతున్నాడు.

"జ్వరమని చెప్పండి సార్. నావల్ల కాదు. ఇక్కడ ఊపిరి పీల్చినా పైదాకా వినబడుతుంది. ఒక్క స్వరం తప్పితే అందరికీ తెలిసిపోతుంది."

"జనం వచ్చేస్తున్నారమ్మా! నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

పరాయివాళ్ల గొడవ. నేను బావ చొక్కా పట్టుకుని వెనక్కి గుంజాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

"అమ్మాయ్, ఇదొక్కటి చెప్పు. ఆ కర్ర పక్కన పెట్టుకున్నావే, అదేమిటి, సబ్బుముక్కా?"

అమ్మాయి తలెత్తింది. "సబ్బేమిటండీ! చెట్టు జిగురుతో చేస్తారు దీన్ని. కమానుకి రాస్తేనే అది తీగని పట్టుకుంటుంది."

"రాయకపోతే?"

"పలకదు."

"చాల్లే, నేను నమ్మను."

అమ్మాయికి పౌరుషం వచ్చింది. పెట్టెలోంచి ఇంకా ఏమీ రాయని కొత్త కమాను తీసి తీగ మీద లాగింది. ఉసూరుమంది. తన కమానుతో లాగింది. గది మోగిపోయింది.

"అబ్బో! మరి కర్రకి కట్టిన ఈ పోగులు? దారమా?"

"గుర్రం తోక వెంట్రుకలండీ."

"గుర్రం ఊరుకుందా?"

అమ్మాయి ఫక్కున నవ్వింది. నిర్వాహకుడు మాత్రం మండిపడ్డాడు. "ఎవరండీ మీరు? ముందు బయటికి నడవండి!"

"నడుస్తా, నడుస్తా. అమ్మాయ్, ఇందాక నేను గుసగుసలాడితే పై వరసలో మా ఆవిడకి వినబడింది. నీ ఫిడేలు అంత మెల్లగా పలుకుతుందా? నేను పైన కూర్చుంటాను. వినబడితే చెయ్యెత్తుతాను. జనం సంగతి వదిలెయ్, నా ఒక్కడికీ వినిపించు."

ఆ అమ్మాయి బావని ఎగాదిగా చూసింది. "మీకు చెవులు బాగానే వినబడతాయా?"

"మా ఆవిడ తిట్లు తప్ప అన్నీ వినబడతాయి."

కాసేపటికి మెట్లన్నీ నిండాయి. అమ్మాయి వేదిక మీదికి వచ్చింది. అంతమందినీ దాటి పై వరసకేసి చూసి కమాను ఆనించింది. వెంట్రుకంత సన్నటి స్వరం లేచింది. ఎక్కడా చప్పుడు లేదు. బావ బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

జనమంతా వెనక్కి తిరిగారు. నేను మొహం జేబురుమాల్లో దాచుకున్నాను. కాపలాదారు వంగి వంగి పరుగెత్తుకొచ్చాడు. "నీళ్లు కావాలా సార్?"

"ష్. వినబడుతోంది."

కింద అమ్మాయి పెదాల మీద చిరునవ్వు కదిలింది. స్వరం పెరిగింది, పరుగందుకుంది. మధ్యలో ఒకచోట నిజంగానే తప్పింది. సంగీతం రాని నాకే తెలిసిపోయింది. ఆమె బెదిరి పైకి చూసింది. బావ రెండో చెయ్యి కూడా ఎత్తాడు. నవ్వాపుకుంటూ ఆమె అందుకున్న వేగానికి, ఆ తప్పు ఎక్కడ కొట్టుకుపోయిందో ఎవరికీ తెలీలేదు. కచేరీ అయ్యాక చప్పట్లకి చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి.

పార్కు బయటికి నడుస్తూ అక్కతో అన్నాను. "ఫిడేలు పట్టుకున్న పిల్లని పట్టుకుని అది సబ్బా అని అడిగాడక్కా. పరువు తీశాడు."

అక్క ఆగిపోయింది. "సబ్బా అన్నారా? మా మామగారు ఫిడేలు మాస్టారురా. మా పెళ్లికి ముందే పోయారు, నీకు తెలీదు. రోజూ ఆయన కమానుకి అది రాసిపెట్టేది ఈయనే."

నేను గబగబా నడిచి బావని కలుసుకున్నాను. "తెలిసీ ఎందుకడిగావు బావా?"

"నాకు చెబుతున్నంతసేపూ ఆ పిల్ల చేతులు చూశావా? వణకలేదు."

బస్టాపు దాకా వచ్చాం. తరవాత అనుమానం వచ్చింది. "అయితే ఇన్నేళ్లుగా నన్నడిగినవన్నీ తెలిసే అడిగావా?"

"అన్నీ కాదురా. ఆఫీసులో నువ్వు చేసే పనేమిటో మాత్రం నాకు నిజంగానే అర్థం కాలేదు. ఇదొక్కటి చెప్పు."

"సమన్వయం చేస్తాను బావా."

"దేన్ని?"

"విభాగాల్ని."

"అవెందుకు విడిపోయాయి?"

బస్సొచ్చింది. అక్క ఎక్కి కూర్చుని కిటికీలోంచి మమ్మల్ని చూస్తోంది. నేను ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆలోచించాను.

"అది నేనెప్పుడూ అడగలేదు బావా."

"రేపు అడుగు," అని నన్ను లోపలికి తోసి, బావ కండక్టరు వైపు తిరిగాడు.