మృదంగానికి ఉప్మా

నా చిన్నప్పుడు ఫలక్‌నుమాలోని మా ఇంట్లో ఒకసారి మృదంగానికి ఉప్మా వండారు. ఈ మాట చెబితే ఇప్పుడు నాతో కలిసి వాయించే పిల్లలు నేను హాస్యమాడుతున్నానంటారు. నిజంగానే వండారు, అదీ నెయ్యి, జీడిపప్పు వేసి.

నాకు మృదంగం నేర్పించాలని మా అమ్మకు ఎందుకో పట్టుదల. ఆమెకు సంగీతం రాదు. రేడియోలో మృదంగం వినిపిస్తే మాత్రం చేతిలో పని ఆపేసేది. అయితే మా ఇంట్లో పెద్దరికమంతా మేనత్తది. "ఆడపిల్లకు గీ డోలు లొల్లి ఏంది?" అని ఆవిడ ఒక్క మాటతో కొట్టిపారేసింది. ఒకసారి వింటే మనసు మారుతుందేమోనని అమ్మ ఒక మృదంగం తాతయ్యను ఒక సాయంత్రం మా ఇంట్లో కచేరీకి పిలిచింది. ఆయన పాట లేకుండా ఒట్టి తాళవాద్యాలతోనే కచేరీలు చేసేవారు. అప్పట్లో అది కొత్త. "పాటే లేకుంటే అదేం కచేరి?" అని మేనత్త దానికీ మూతి తిప్పింది. ఆ సాయంత్రం గనక నవ్వులపాలైతే నా మృదంగానికి నీళ్లు వదులుకోవాల్సిందేనని నాకూ తెలుసు.

వస్తానన్న కబురుతో పాటు, కొంచెం బొంబాయి రవ్వ సిద్ధంగా ఉంచమన్నారాయన. మృదంగం ఎడమవైపు తడిరవ్వ ముద్ద అద్దితేనే ఆ గంభీరమైన నాదం పలుకుతుందని మా ఇంట్లో ఎవరికి తెలుసు? పెద్దాయన ఉప్మా అని నోరు తెరిచి అడగలేక రవ్వ అన్నారనుకుంది అమ్మ. ఇంట్లో ఉన్న రవ్వంతా వండేసింది.

కచేరీ వినడానికి చుట్టుపక్కల జనం వచ్చి కూర్చున్నారు. తాతయ్య మృదంగం గవుసెన విప్పి, "రవ్వ తెస్తవా బిడ్డా?" అన్నారు. అమ్మ పొగలు కక్కే పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. ఆయన పళ్లెం వంక చూశారు, అమ్మ వంక చూశారు. మేనత్త పక్కనే ఉంది. ఇంకో మనిషైతే పకాలున నవ్వేవాడు, లేదంటే రవ్వ కోసం ఎవరినైనా దుకాణానికి పరుగెత్తించేవాడు. ఆ పరుగుతోనే సంగతి వీధంతా తెలిసిపోయేది. ఆయన తీరిగ్గా ఉప్మా తిన్నారు. "మస్తుగున్నది బిడ్డా" అంటూ మారు వడ్డించమన్నారు. తర్వాత చేయి కడుక్కునే నెపంతో వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించారు.

"రవ్వ మృదంగానికి బిడ్డా. గోధుమపిండి ఉంటే జర తడిపియ్యి."

అమ్మ ముఖం పాలిపోయింది.

"ఫికర్ చెయ్యకు. ఉత్తరాదోళ్ల మద్దెల పఖవాజ్‌కు పిండే పెడ్తరు."

నేను గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. అమ్మ కళ్లలో నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది.

మృదంగానికి పిండి అద్దుతుంటే మేనత్త ఊరుకుంటుందా? "గదేంది?" అంది. "ఇయ్యాల కొత్త నాదం ఇనిపిస్త తల్లీ" అన్నారాయన. ఆ మాట అబద్ధం కాలేదు. పిండి బరువుకు ఎడమవైపు నాదం బాగా దిగిపోయింది. వేగంగా వాయిస్తే దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఆయన కాస్త పిండి గిల్లి తీసి చూసి, అయినా కుదరక, ఇక వేగం జోలికి పోలేదు. ఒక్కో దెబ్బనూ పూర్తిగా మోగనిచ్చి, అది ఆరాకే ఇంకోటి వేశారు. గదిలో కబుర్లు ఆగిపోయాయి. అమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. కచేరీ అయ్యాక, "మా పిల్లకు గిదే నేర్పుతరా?" అని మేనత్తే ఆయన్ను అడిగింది.

ఆయన దగ్గర చాలా ఏళ్లు నేర్చుకున్నాను. ఉప్మా సంగతి ఆయన ఎవరి దగ్గరా ఎత్తలేదు, నాతో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. ఎంతో కాలం తర్వాత, నా కచేరీకి వచ్చిన చుట్టాల మధ్య కూర్చుని, అమ్మే పొట్ట పట్టుకుని నవ్వుతూ దాన్ని బయటపెట్టింది. మేనత్త కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ కథ చెప్పే హక్కును ఆయన అమ్మకే వదిలిపెట్టారని నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నేను కుర్రవాళ్లతో కలిసి కొత్త రచనలు వాయిస్తున్నాను. మృదంగం పక్కన ఇత్తడి పళ్లేలు, ఇనుపరేకులు, ఏవేవో ఉంటాయి. ఎవరో ఒకరు ఏదో ఒకటి మరిచి వస్తారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది అందరికీ తెలుసు. అయినా వేదిక ఎక్కేముందు ఒక పిల్ల ముఖం పాలిపోయి కనిపిస్తే, ఏం మరిచావని అందరి ముందూ అడగలేను. పక్కకు పిలిచి, "ఇంకేమున్నది బిడ్డా మనతోని?" అని మెల్లగా అడుగుతాను.